సగం సగం తెర

మైలపల్లి దానయ్య భావనపాడు నుంచి
రాత్రి బస్సుల వచ్చిండు.
భుజమ్మీద గోనెసంచి, సంచిల పాత రాడార్,
బోర్లించిన గంగాళం లెక్క.
"దీనికి సరిపడ్డ ప్లాటరియ్యి బావూ."

నేను సముద్రం చూసినోన్ని కాదు.
కోఠిల పుట్టి, గుజరాతీ గల్లీల
తీగలతికి బతుకుతున్న.

కొత్త ప్లాటర్ తీసిన.
పిన్ను పిన్నుల కూసుంది.
పచ్చ లైటు వెలిగింది.
తెర మాత్రం నోరు తెరువలే.

"ఒక కంపెనీ మాట ఇంకో కంపెనీకి సమజ్ కాదు పెద్దాయనా.
నువ్వు గుంటడంటే
పోరడని నాకెట్ల ఎరుక?"
నవ్విండు. చుట్ట వాసన.

అదే కంపెనీది, వాడింది, మూలకొకటుండె.
దుమ్ము దులిపి, మేడ మీదికెక్కించి
బ్యాటరీ తగిలించినం.
చుట్టుపక్కల నీళ్ల ట్యాంకులన్నీ
తెర మీద పడవలై మొలిచినయి.
"ఇదేటి, ఇన్ని బోట్లే! సేపలేటి మిగుల్తాయి?"

గని పటం మీద పరిస్తే
బొమ్మొక దిక్కు, పటమొక దిక్కు.
పడవ ముక్కెటుందో చెప్పే సెన్సర్ కావాలె.
ధర చెప్పిన.

లుంగీ మడతల నోట్లు లెక్కబెట్టిండు,
మల్ల లెక్కబెట్టిండు.
"తెరని సగం సగం సెయ్యి.
ఒకేపు పటం, ఒకేపు రాడారు.
మద్దిన నా కళ్లున్నాయి గదేటి."

పొద్దుగూకంగ పోయిండు.
తీగ చుట్టుకుందామని మేడెక్కిన.
ట్యాంకులు ఎక్కడియక్కడనే ఉన్నయి.
అయినా జరసేపు నిలబడ్డ,
ఏది ముందు కదుల్తదో అని.