ఒంటికి పట్టేదాకా

వార్తీనీ, ఆ గంప దించి ఇలా రా.
బియ్యం కొట్టు కాటా ఖాళీగానే ఉంది, ఎక్కు.
చెప్పులు విప్పక్కర్లేదు,
ఆ అరిగిన రబ్బరు తూగేదేముంది.

ముప్పై ఎనిమిది.
నిన్న నువ్వు మూడో అంతస్తుకు మోసిన బంగాళాదుంపల బస్తా
నలభై ఆరు.
బస్తా నిన్ను మోసుకెళ్ళినా
యోగ్యకర్త సంతలో ఎవరూ ఆశ్చర్యపోరు.

డెంగీ జ్వరం ఉన్న కాస్త కండా ఊడ్చుకుపోయిందని
నీ ఆడపడుచు చెప్పింది.
రోజుకు రెండు గుడ్లు తినమన్నారట ఆసుపత్రిలో.
రెండు గుడ్లంటే ఒక బస్తా కూలి.
కొన్నా, ఆ గుడ్డు నీ కంచం దాకా రాదు.
మామగారి కంచం, మొగుడి కంచం, పిల్లల కంచం దాటి రావాలి కదా.
నేనూ కోడలిగా బతికినదాన్నే.

నా దగ్గర గుడ్లు లేవు. సోయా గింజలున్నాయి.
ఉడకబెట్టి, రాత్రంతా నానబెట్టి,
పొద్దున్నే తొట్టిలో దిగి కాళ్ళతో తొక్కుతాను,
పొట్టు పైకి తేలిపోతుంది.
మళ్ళీ ఉడికించి, చాప మీద ఆరబోసి,
పాత ఆకుకు అంటిన బూజు రుద్ది,
అరిటాకు పొట్లాలు కట్టి
గోనెపట్టా కప్పి పడుకుంటాను.
నడిరాత్రి లేచి చెయ్యి పెడితే
వెచ్చగా తగులుతుంది టెంపే.
నీకొచ్చిన జ్వరం లాంటిది కాదు,
పాలు తాగి నిద్రపోయిన పసిదాని పొట్ట వేడి.

రెండోనాడు విప్పి చూడు.
ఏ గింజకా గింజగా విడిగా ఉన్నవి
తెల్లటి నూగుతో ఒకదాన్నొకటి కరుచుకుని
ఒక్క దిమ్మ.
కండంటే ఏమిటో నేను చదువుకోలేదు,
ఇలాగే ఉంటుందనుకుంటాను:
చీకట్లో, వెచ్చగా, ఎవరూ చూడనప్పుడు
పోగు పోగును పట్టుకోవడం.

బుధవారం బుధవారం ఒక కుర్రాడొస్తాడు, జిమ్ము కుర్రాడు,
ఎనిమిది పొట్లాలు కొంటాడు.
ఇందులో ప్రోటీన్ ఎన్ని గ్రాములని అడిగితే
తిని నువ్వే చెప్పు నాయనా అన్నాను.
ఏడాది తిరిగేసరికి చొక్కా భుజాల దగ్గర పిగిలింది.
బస్తాలు మోస్తావా అంటే లేదట.
ఇనుము పైకెత్తి
మళ్ళీ ఉన్నచోటే పెట్టేసి వస్తాడట!
నవ్వకు. వాడి ఆకలి వాడిది.

నీకు చెప్తున్నాను, విను.
వెల్లుల్లీ ధనియాలూ ఉప్పూ నూరిన నీళ్ళలో ముంచి వేయించు.
కొబ్బరినూనెకు పిసినారితనం వద్దు,
ఒళ్ళు చెయ్యాల్సినదానివి.
వేరుశనగ పచ్చడి ధారాళంగా పొయ్యి.
అన్నం ఇంకో గరిటె.
తీపి టీ తాగి ఆకలిని మోసం చెయ్యకు, అది మరిచిపోదు.
మధ్యాహ్నం మెట్ల కింద కాసేపు కునుకు తియ్యి,
పొట్లం గట్టిపడేది పడుకున్నప్పుడే.
పిల్లలకు దాచకు. వాళ్ళకు వేరే ఇస్తాను.

రేపు నా సోయా బస్తా దిగుతుంది, యాభై కిలోలు.
రేపటికి తుగీయా మోస్తుందిలే.
నీ ముల్లు నలభై నాలుగు దాటిన రోజున మాత్రం
దాన్ని ఇంకెవరికీ ఇవ్వను.
నీ వీపెక్కిన గింజలే
నెల తిరిగేసరికి నీ వీపవుతాయి.

అదిగో గోడ మీద సుద్దగీతలు,
పదకొండు పొట్లాలు నీ పేరున.
చెరపను. అప్పు అప్పే.
ఈ ముక్క ఇప్పుడే మూకుట్లోంచి తీశాను, పట్టు.

ఆ చారల గుడ్డలో మూట కడతావేం?
విప్పు.
ఇక్కడే, నేను చూస్తుండగా.