పదకొండో గూడు

పొద్దుగాల కృష్ణ ఒడ్డు ఇసుక సల్లగుంటది.
కురుమక్క చెప్పులిడిసి ముందు నడుస్తది.
కట్టెతోని పొడువదు,
అరికాలితోనే పసిగడ్తది:
"ఈడ మెత్తగున్నది. తాంబేలు తవ్వి పూడ్సింది."

టార్చి పట్టిన.
పద్దెనిమిది గుడ్లు, పెద్ద గోలీలంత.
రిజిస్టర్ల రాసిన: గూడు పదకొండు,
ఎండిన పుచ్చతీగలకు ముప్పై అడుగులు.

"మా అయ్య వీటిని ఉడకబెట్టి పెట్టెటోడు,
మస్తు రుచి" అని నవ్వింది.
నేను నవ్వలే.

మూడేండ్లు ఇసుక ట్రాక్టర్ నడిపిన,
రాత్రిపూట, లైట్లు బంద్ చేసి.
జల్లెడ పట్టే మేస్త్రి ఒకపారి
తెల్ల పెంకులు చూపిచ్చి "ఏందిరా ఇవి" అన్నడు.
గవ్వలన్న.

వనపర్తిల ఏ స్లాబు కింద
ఎవరు పండుకున్నరో గని
ఆ గోడలు నాకు ఎరుకే.

మొగులు పట్టింది. జూరాల గేట్లు ఎత్తుతరంట.
గంపల తడి ఇసుక పరిచినం.
మీది దిక్కు మీదికే ఉండాలె,
తిరగబడితే లోపలి పాణం ఆగదని
ఒక్కొక్కదానికి పెన్సిల్‌తోని
దిష్టిచుక్క పెట్టింది కురుమక్క.

గంప నా చేతులకిచ్చింది.
స్టీరింగు పట్టిన చేతులు గదా,
అదరకుండ ఒడ్డెక్కుడు
ఇంకా నేర్వలే.