గ్లాండు కాడ చుక్క

సుంకన్న బాయి ఎండి తొమ్మిదేండ్లు.
ఇంజను మాత్రం షెడ్డులోనే ఉండె,
హాపరు మూత మీద కోడి పొదుగుతాండె.
ఓర్వకల్లు బండల నడుమ
దానికి పని చెప్పే నీళ్ళు ల్యావు.

పదకొండు వేలకు మాట్లాడి ఇప్పించినా, ఎర్రయ్యకు.
మైలపల్లి ఎర్రయ్య, సముద్రం కాడి మనిషి.
శ్రీశైలం వెనక నీళ్ళల్లో చేపలున్నాయంటే
ఇరవై ఏండ్ల కిందట వలతో వచ్చి
నెహ్రూనగర్ ఒడ్డున నిలిచిపోయినోడు.
ఆయన పడవకు ఇంకా తెరచాప ఉంది,
యూరియా సంచులు విప్పి కుట్టిన చాప.
మావోళ్ళు దాన్ని చూసి నవ్వుతారు.
ఆషాఢం గాలికి అది ఎట్ల ఉబ్బుతాదో చూసినోడు నవ్వడు.
ఆషాఢం పోయినాక మాత్రం
సంగమేశ్వరం మలుపు కాడ పడవ
అలిగిన ఎద్దులాగ కదలదు.

పాత ఇంజను బోల్టులు తుప్పు పట్టి కొయ్యలో కలిసిపోయినాయి.
రాత్రంతా కిరసనాయిలు తాపినా.
పొద్దున్నే స్పానరు మీద కాలేసి తొక్కితే
మూడు తిరిగినాయి.
నాలుగోది నా బొటనవేలి తోలు కొంచెం తీసుకొని
అప్పుడు తిరిగింది.

మోకాటి లోతు నీళ్ళల్లో తుమ్మ మొద్దులు మూడు నిలిపి
చైను బ్లాకు వేలాడేసినాం,
బోరు పైపులు పీకేటప్పుడు ఎట్ల కడతామో అట్లే.
ముప్పై ఏండ్లుగా నా పని అదే:
నీళ్ళు లోతుకు పోయినాయని ఒక లెంతు దించడం,
ఇంకా పోయినాయని ఇంకో లెంతు,
ఇంక ల్యావని అన్నీ పీకడం.
దించే ఇనుము కింద నీళ్ళు కనపడటం
ఇదే మొదలు.
చైను వదలడానికి చేతులు ఒప్పుకోల్యా.

ఇంజను కూర్చుంది. షాఫ్టు కలవల్యా.
కప్లింగుల సందులో
పైన బ్లేడు పట్టింది, కింద పట్టల్యా.
నూనె డబ్బా రేకు కత్తిరించి కాళ్ళ కింద పెట్టినా,
ఒక పొర. తీసి, అర పొర.
మధ్యాన్నానికి "అయిపాయ" అన్నా.
ఎర్రయ్య బీడీ ఆర్పి,
"బురద మీద సరిపోతే ఏటవుద్ది మేస్త్రీ,
తేలినాక సూడు."

నాకు రోషమొచ్చింది.
లోతుకు నెట్టి చూస్తే
కొయ్య తన బరువు తాను సర్దుకొని
బ్లేడు మందం పక్కకు జరిగింది.
మళ్ళా రేకు. మళ్ళా కత్తెర.
ఈసారి ఆయన లాంతరు పట్టుకున్నాడు,
నేను నోరు మూసుకున్నా.

గ్లాండుకు నూలు తాడు చుట్టి నట్టు తిప్పుతాంటే
"సుక్క ఉంచు" అన్నాడు.
తెల్సు. పంపుకూ అంతే,
చుక్క పడకపోతే షాఫ్టు కాలుతాది.
అయినా ఈ చుక్క పడవలోకే కదా వచ్చేది,
చేయి ఊరికే ఉండల్యా, బిగిస్తానే పోయింది.
ఆయనే స్పానరు తీసుకొని పావు చుట్టు వదిలినాడు.

గాలి బుడగలన్నీ పోయిందాక డీజిలు కార్చి,
హ్యాండిలు వేసి తిప్పినా.
రెండు తూర్లు దగ్గింది.
మూడోసారి నల్లగా ఊపిరి వదిలి అందుకుంది.
కొంగలు లేచిపోయినాయి.

సుంకన్న లగేజి ఆటోలో ఇంజనుతో పాటే వచ్చినాడు.
ఎవరూ రమ్మనల్యా.
రెండు దినాలు ఒడ్డున గొంతుక్కూర్చుని
మేము పెడితే తిన్నాడు, అడిగితే పలికినాడు.
శబ్దం వినపడంగానే లేచి
కాలువ ఉండాల్సిన దిక్కుకు చూసినాడు.
తరువాత పంచె ఎగ్గట్టి పడవెక్కి
గ్లాండు కాడ కూర్చున్నాడు.

చుక్క.
కొంచెంసేపటికి ఇంకో చుక్క.
ఆయన అటూ ఇటూ వెతుకుతాండె.
నాకు అర్థమయ్యింది. బాయి కాడ
ఈ చుక్క కింద ఆయన ఎప్పుడూ చెంబు పెట్టేటోడు,
పెరుగుతోటకూర మడికి పోసేటోడు.

చుట్టూ చూపు ఆననన్ని నీళ్ళు.
ఎర్రయ్య నీళ్ళు తోడే డబ్బా అందించినాడు.
సుంకన్న దాన్ని చుక్క కింద సరిగ్గా పెట్టి
చేయి తీసినాడు.

చాపను చుట్టి కట్టినారు గాని
కొయ్య మీంచి తీయల్యా.