రెండో పీసు

గంటస్తంభం వెనక సందులో నా కొట్టు.
వయొలిన్ తీగలు, హార్మోనియం రీడ్లు,
సంగీత కళాశాల పిల్లలు శ్రుతిపెట్టెకి గంటసేపు బేరమాడి
చివరికి రోజను ముక్క కొనుక్కుపోయే కొట్టు.

వైశాఖం మిట్టమధ్యాహ్నం
గజపతినగరం నుంచి తవిటినాయుడొచ్చాడు.
ఆర్కెస్ట్రా పార్టీలో గిటారు.
"కాలితో తొక్కేది కావాలన్నా, మిడిది.
నాలుగు బొత్తాలది కాదు, పది.
పక్కన రెండు పెడళ్లు. పాట పేరు కనబడే తెర.
పాత అయిదు పిన్నులదీ, కొత్త యూఎస్‌బీదీ రెండూ ఉండాల."
చేత్తో తిప్పుకోలేవా అన్నాను.
"పల్లవిలోంచి సరణంలోకి దూకేటప్పుడు
రెండు సేతులూ తీగల మీదే ఉంటాయి గదేటి.
మూడో సెయ్యి మా యమ్మనడగనా?"

విశాఖ డీలరుకి ఫోను చేశాను.
అతను నవ్వలేదు. అదే కలవరపెట్టింది.
"నాలుగు బొత్తాలవి నెలకి పది పోతాయి సార్.
ఈ పూర్తి సరుకు కిందటేడు ఒక్కటి, అదీ రాయపూర్ పోయింది.
చేసేవాడే మానేద్దామనుకుంటున్నాడు.
రెండు పీసులైతేనే తెప్పిస్తాను."

పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు,
పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

రెండో కాలు ఎవరిదో వెతుకుతూ
బిల్లుపుస్తకం వెనక పేర్లు రాశాం.
పార్వతీపురం చర్చిలో కీబోర్డు కుర్రాడు: ఇంకా పాత అప్పే తీరలేదు.
సాలూరు గున్నేశు: లారీ ఎక్కాడు, కాలు ఇప్పుడు బ్రేకు మీద ఉంది.
బొబ్బిలిలో వీణ వాయించే పెద్దాయన:
అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు.
రెండు జిల్లాలూ కూడినా
లెక్క తవిటినాయుడి దగ్గరే ఆగింది.

రెండోదానికి డబ్బు నేనే కట్టాను.
ఎందుకని మా ఆవిడ అడిగినదానికి
ఇప్పటికీ జవాబు లేదు.

పార్సిలు వచ్చేసరికి శ్రావణం దాటింది.
సిరిమాను రాత్రి, మూడు లాంతర్ల దగ్గర స్టేజీ.
చెప్పులు విప్పేసి బొటనవేలితో నొక్కాడు.
గిటారు ఊపిరి తీసుకునేంతలో సన్నాయై, మళ్లీ గిటారైంది.
జనం గాయని చీర చూశారు, లైట్లు చూశారు.
కిందికి చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

రెండో పీసు అద్దాల బీరువాలో ఉంది.
బరువు చూసే మిషనా అని అడుగుతారు.
ధర చీటీ మూడుసార్లు మార్చాను, మూడుసార్లూ కిందికే.

రాత్రి షట్టరు సగం దించి
నేల మీద పెట్టి ప్లగ్గు తగిలిస్తాను.
మా నాన్న పద్యనాటకాలకి కాలి హార్మోనియం తొక్కేవాడు;
పోయేదాకా ఎడమ మడమ కాయకట్టే ఉంది.
ఏడో బొత్తాం నొక్కుతాను.
ఎర్ర దీపం వెలుగుతుంది.
దానికి ఏ వాద్యమూ తగిలించి లేదు.

"ఇంకా ఎవరున్నారు బేరానికి?"
ఎదుటి పాన్‌షాపు నుంచి కేక.
అటు తిరక్కుండానే
ఎనిమిదోది నొక్కుతాను.