మినిట్స్ బుక్కు

వెల్లింగ్టన్‌లో గాలిని ఎవరూ తిట్టుకోరు.
తలుపు తోసుకుని వస్తుంది, ఇంట్లో మనిషిలా.
ఆ రాత్రి కౌన్సిల్ హాల్లో
నా ముందు ఒక మైకు, ఒక గడియారం,
టీ మరకల బల్ల.
పద్దెనిమిదేళ్లుగా నా పని రాయడం.
ఎవరేమన్నారో కాదు,
ఏమన్నట్టు ఉండాలో.

నాలుగో అంశం:
కొండ వీధిలో ఎడమ పక్క కార్లు తీసేసి
బస్సుకి దారి వదలడం,
మలుపులోని ఖాళీ జాగాలో
ఆరంతస్తుల ఇళ్లకి ఊ అనడం.
మాట్లాడతామన్నవాళ్ల జాబితా చేంతాడంత.
మనిషికి మూడు నిమిషాలు.

హిల్లరీ ట్రాస్క్ ముందు లేచింది.
ఆమె ఇంటికి నూటపదేళ్లు,
వరండా అంచున చెక్కలో చెక్కిన లతలు.
ఆరంతస్తుల నీడ తన నిమ్మచెట్టు మీద
రెండింటికల్లా వాలుతుందని గీసి చూపింది.
స్కేలు పెట్టి కొలిచాను. నీడ నిజమే.
చెట్టూ నిజమే, ఒక కాయ తెచ్చి బల్ల మీద పెట్టింది.
కాయని ఎలా నమోదు చెయ్యాలో నిబంధనల్లో లేదు.
"అనుబంధం మూడు" అని రాశాను.

తర్వాత కోరిన్ అనే కుర్రాడు.
వాడేమీ గీసుకు రాలేదు.
సంచిలోంచి ఒక సీసా తీశాడు,
నిండా నీళ్లు, కొంచెం మసకగా.
"తేమ పీల్చే యంత్రం పెట్టుకుని పడుకుంటాను.
నిన్న రాత్రి నా గది గోడలు ఇచ్చిన నీళ్లివి.
అద్దె కడుతున్నది గదికో, చెరువుకో తెలీదు."
కొందరు నవ్వారు. వాడు నవ్వలేదు, దగ్గాడు.
నిమ్మకాయ పక్కన సీసా.
ఎవరైనా కాస్త పంచదార తెస్తే బావుండునని
ఛైర్మన్ నా చెవిలో అన్నాడు.
అది రాయలేదు.

కొట్టు జయంతీలాల్ కార్ల తరఫున వచ్చాడు.
"కారు ఆగకపోతే పాలెవరు కొంటారు?"
నడిచొచ్చేవాళ్లే కదా ఎక్కువ, అని వెనక నుంచి ఒక కేక.
ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
చాలాసేపు తుడుచుకున్నాడు.
"ఎప్పుడూ లెక్కపెట్టలేదు" అన్నాడు,
ఇంకా నిమిషంన్నర మిగిలుండగానే కూర్చున్నాడు.

పదకొండో పేరు: ఫెటువావో లియవాసా.
ఒకసారి పిలిచాను.
పేరు సరిగ్గా పలికానో లేదోనని రెండోసారి.
మూడోసారి గాలి పలికింది.
గైర్హాజరు.

నిర్ణయం వచ్చే నెలకి వాయిదా పడింది.
కుర్చీలు మడతపెడుతుంటే వచ్చిందామె,
వృద్ధాశ్రమం యూనిఫాం మీద తడిసిన కోటు.
"బస్సు రెండుసార్లు రద్దయింది" అంది.
సభ ముగిశాక విన్నది నమోదు కాదు.
అయినా గడియారం తిప్పి పెట్టాను, మూడు నిమిషాలకి.
ఆమె గడియారాన్ని చూసింది, నన్ను చూసింది.
"చెప్పాల్సింది చెప్పేశాగా,
మిగతాది కూర్చుంటాను" అని
బూట్లు విప్పింది.
ముసలివాళ్లని ఎత్తి దించిన పాదాలు,
మేజోడులో బొటనవేలి దగ్గర చిల్లు.
ముల్లు సున్నాకి వచ్చేదాకా
ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

కారులో దింపాను.
కొండ దాటి, ఆ వీధిలోంచే.
నా ఇంటి ముందు నుంచే వెళ్లాం, చెప్పలేదు.
ఎడమ పక్క నేను రోజూ కారు పెట్టే జాగా
ఒక్క క్షణం ఖాళీగా మెరిసింది,
పన్ను ఊడిన చిగురులా.
ఆమె దిగేటప్పుడు నిమ్మకాయ చేతిలో పెట్టాను.
అనుబంధం మూడు ఇప్పుడు ఫైల్లో లేదు.

తిరిగొచ్చేసరికి నా జాగాలో వేరెవరిదో కారు.
మెల్లగా, మనిషి నడకకంటే మెల్లగా
సందు కోసం వెతుక్కుంటూ కొండెక్కుతున్నాను.
వెనక అద్దంలో రెండు దీపాలు:
చివరి బస్సు.
లోపల లైట్లన్నీ వెలుగుతున్నాయి, ఒక్క మనిషీ లేడు.
డ్రైవరు హారన్ కొట్టడు.
నా వెనకే వస్తున్నాడు,
నా వేగంతో.