పొయ్యి అంచు

త్రియేస్తెలో బోరా గాలి లేచిన రోజున
వీధి మలుపుల్లో తాళ్ళు కట్టేవాళ్ళు ఒకప్పుడు,
ముసలివాళ్ళు పట్టుకుని నడవడానికి.
నా వంటింట్లో తాడేం లేదు.
గాలి గట్టు కిందినుంచి పాకి వచ్చి
పొయ్యి గాజుకీ రాయికీ నడుమ సందులోంచి
చిన్న మంటను ఉఫ్‌మని ఊదేస్తోంది.
మూడు రోజులుగా కాఫీ సగంలోనే ఆగిపోతోంది.

ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపినదాన్ని.
ఇంజను గొంతు మారితే కడుపులో తెలిసేది.
ఈ సీలు చచ్చిందని మాత్రం
పాలు పొంగి సొరుగులోని చెంచాల మీద కారేదాకా
తెలియనే లేదు.

సామాన్ల కొట్టు లివియో
మీటరు బద్దతో కొలిచి ఇచ్చాడు నల్లటి మెత్తటి పట్టీ,
చిన్నప్పుడు నాలిక నల్లబడేదాకా నమిలిన
లికొరైస్ చుట్టలా ఉంది.
"మూలల్లో సాగదీయకు నెవియా,
ఇవాళ సాగుతుంది, తర్వాత పగబట్టి ముడుచుకుంటుంది."
మనుషుల సంగతి కూడా అడుగుదామనుకున్నాను.
వెనక క్యూ ఉంది.

గ్యాస్ ఆపాను. ఆపానో లేదో మళ్ళీ చూశాను,
హ్యాండ్‌బ్రేకు నాటి అలవాటు.
సొరుగు లాగేసి, వెల్లకిలా దూరి, నాలుగు మరలూ విప్పాను.
గాజు కదల్లేదు.
వెన్న రాసే చాకు అంచున దూర్చి
అచ్చులోంచి కేకు విడదీసినట్టు
చుట్టూ తిప్పాను, ఓపిగ్గా,
తిట్టుకుంటూ, మళ్ళీ ఓపిగ్గా.
చివరికి నిట్టూర్చి లేచింది.

కింద
పద్దెనిమిదేళ్ళ నా వంట.
మాడిన పోలెంటా, రాయైపోయిన బఠానీ,
సగం అగ్గిపుల్ల, కాఫీ పిప్పి,
బంకగట్టిన జామ్, ఏ వేసవిదో, ఏ పండుదో.
నా డైరీ ఎవరో పైకి చదువుతున్నట్టు
కాస్త సిగ్గేసింది.

పాత సీలు లాగితే పెంకులు పెంకులుగా విరిగింది.
ఒక మూల మాత్రం సిలికాన్ పెట్టి
బొటనవేలితో ఒత్తారెవరో.
ముద్ర అలాగే ఉంది, సుడులు సుడులుగా,
నడిమధ్యన అడ్డంగా ఒక గాటు.
బిగించినవాడి మొహం గుర్తు లేదు.
వచ్చాడు, డబ్బు తీసుకున్నాడు, వెళ్ళాడు.
ఆ వేలి పక్కనే ఇన్నేళ్ళూ సూప్ కలిపాను.
గోకక తప్పదు. గోకాను.
ఆ ముక్క కిటికీ గట్టు మీద పెట్టాను,
ఎందుకని అడక్కండి.

కొత్త పట్టీ వేశాను, మూలల్లో సాగదీయకుండా.
మూలకో సిలికాన్ చుక్క. గాజు దించాను.
అప్పుడు చదివాను ట్యూబు మీద:
ఇరవై నాలుగు గంటలు వేడి తగలకూడదు.
కాఫీ లేకుండా ఈ ఊళ్ళో
అంతసేపు బతికినవాళ్ళెవరూ నాకు తెలియదు.

కింది అంతస్తులో దార్కో ఉంటాడు.
ఆరేళ్ళ కింద నా వాషింగ్ మెషీన్ గొట్టం ఊడి
అతని కప్పులోంచి వాన కురిసింది.
అతనొక మాట అన్నాడు,
నేను దాని పెద్దన్నను అన్నాను.
అప్పటినుంచీ మెట్ల మీద ఎదురైతే
ఇద్దరమూ గోడ రంగు పరిశీలిస్తాం.

మోకా కుండీ పట్టుకుని దిగాను.
నీళ్ళు నావి, పొడి నాది,
కావలసింది మంట ఒక్కటే.
తలుపు తీసి నా గోళ్ళ నలుపు చూశాడు.
"సీలా?"
"సీలే."
"మూలల్లో సాగదీశావా?"
"లేదు."
జోతా ఉడుకుతున్న గిన్నె పక్కకు జరిపాడు.
అతని మంట నిటారుగా నిలబడింది, రెపరెప లేకుండా.

నిలబడే ఎదురుచూశాం.
అతని తల మీద, కప్పులో, టీ రంగు మరక,
నేనెప్పుడూ చూడనిది.
ఆరేళ్ళుగా సున్నం వేయించలేదు.
ఇద్దరమూ పైకి చూశాం. ఎవరమూ ఏమీ అనలేదు.
కాఫీ గురగురమని పైకొచ్చింది.
అతను రెండు కప్పులు దించాడు.

రేపు తొమ్మిదికల్లా గడువు తీరిపోతుంది.
పైకొచ్చి కళ్ళజోడు పెట్టుకుని ట్యూబు మళ్ళీ చదివాను.
అడుగున చిన్న అక్షరాల్లో ఉంది:
చలికాలమైతే
నలభై ఎనిమిది.