తేలే ఎర

నిన్నటి బన్ను కావాలె.
ఇయ్యాల్టిది నీళ్లు తగలంగనే కరిగిపోతది,
మొన్నటిది పెంకు లెక్క విరుగుతది.
దేవరకొండ బస్టాండ్ బేకరీల షాహెదా బేగం
"పాతదే అడుగుతవేంది ఎప్పుడూ" అని నవ్వి
రూపాయి తక్కువ తీసుకుంటది.

డిండి కట్టెక్కేసరికి
ఈదయ్య అప్పటికే కూసోని ఉంటడు
తూము పక్క రాయి మీద.
ఈదు పండుగ నాడు పుట్టిండని ఆ పేరు.
పేరుల ఈత ఉంది గనీ మనిషికి ఈత రాదు.
నలభై ఏండ్ల సంది నీళ్ల ఒడ్డునే,
మోకాలు దాటి దిగలేదు.

మొదటి రోజు నా సంచి తెరిపించి
దారానికున్న సీసం గుండు ఊడదీసిండు.
"అడుగున తినేటిదానికి గావాలె బరువు.
నోరు జూసి ఎర కట్టాలె, నీ సోకు జూసి కాదు.
రవ్వ నోరు కిందికుంటది, బురద నాకుతది.
బొచ్చె నోరు మీదికుంటది,
వాన కోసం దోసిలి పట్టినట్టు."

దారానికి ఆముదం రాయమన్నడు,
గాలం కాడ జానెడు వదిలి.
ఆ జానెడు మునిగి దాక్కోవాలె,
మిగిలిందంత తేలాలె.

బన్ను మీది ఎర్రటి తోలు
బొటనవేలంత గిల్లి
మెత్తటి దిక్కు లోపలికి మడిచి
తోలు నుంచి గాలం గుచ్చి
ఒక్క చెంప నీళ్లకు తాకించాలె. ఒక్క చెంపనే.
విసిరేటందుకు ఆ తడే బరువు.

దానికంటె ముందు మురుమురాలు.
వేయించిన తవుడు, దంచిన పల్లిచెక్క, చిటికెడు సోంపు
పొడిగనే కలిపి గాలివాటుకు జల్లిండు.
"పిలవని పేరంటానికి ఎవరొస్తరు?"

నల్లగొండ నుంచొచ్చిన ఒక సారు
వెనిలా సెంటు సీసానే తెచ్చిండు.
ఈదయ్య ఏమనలేదు.
సారు పోయినంక ముక్కు తుడుసుకున్నడు.

గాలి పడిపోయింది.
మురుమురాలు తేలుకుంట తేలుకుంట పోయి
ఒక్కొక్కటే
చుప్,
చుప్,
మాయమైతున్నయి.
సుట్టూ అన్నీ తిన్నది.
నా ముక్క కాడికొచ్చి
మూతి ఆనిచ్చి, ఆగి,
విందుల అలిగిన అల్లుని లెక్క పక్కకు మల్లింది.
మళ్లొచ్చింది. మళ్ల పోయింది.

మూడు ఆదివారాలు గిట్లనే.
బన్ను మార్చిన, గాలం మార్చిన,
బెల్లం పాకంల అటుకులు అద్ది సూసిన.

నాలుగో ఆదివారం ఈదయ్య నా చెయ్యి పట్టి
ముక్కు కాడ పెట్టుకున్నడు.
"ఏం పని నీది?"
డిపోల మెకానిక్కును. ఇన్నాళ్లకు అడిగినవా?

ఒండ్రుమట్టి తీసి వేళ్ల సందులల్ల రుద్దిండు
పసిపిల్లకు తానం పోసినట్టు.
తర్వాత తవుడు. మళ్ల మట్టి. మళ్ల తవుడు.
గోర్ల కింది నలుపు మాత్రం కదల్లేదు,
అది పందొమ్మిదేండ్ల ఇంజన్ ఆయిల్.
"గది ఉండనియ్యి. గోరు తగలకుంట గిల్లు."

గోరు తగలకుంట గిల్లుడు ఎట్లనో
ఇప్పటికీ నాకు రాలేదు.

ఆ పూట ఒకటి లేచింది.
ముక్క కింద నీళ్లు గుంతపడ్డయి.
గుంజిన.
"గుంజకు" అన్నది ఆ తర్వాత ఇనొచ్చింది.
ఖాళీ గాలం గాల్లె ఎగిరొచ్చి
నా అంగీ జేబుకు తగులుకున్నది.

ఆయన నవ్వలే.
పొద్దుగాల చెవిల పెట్టుకున్న బీడీ
పొద్దుగూకేదాంక చెవిలనే ఉంటది, వాసన తగుల్తదని.
దాన్ని ఒకసారి సవరించుకోని అన్నడు:
"నోరు తెరిసినప్పుడు కాదు.
మూసినంక."

ఆఖరి బస్సుకు ఇంక పావుగంట.
సంచి సర్దుకుంట ఉంటె
మట్టికి ముందు, పొద్దుగాల గిల్లిపెట్టిన ముక్క ఒకటి దొరికితే
ఆకలికి నోట్లేసుకున్న.

డీజిలు.

థూ అని ఉమ్మేసిన.
నీళ్ల మీద పడి మంచిగ తేలింది అది,
నేను కట్టిన అన్ని ఎరలకన్న మంచిగ.
ఎవ్వరూ లేవలే.